పొట్టి లెన్స్‌లో దూరం

వరద నీళ్లు మా షాపులో రెండో అరదాకా ఎక్కాయి చూడండి, దానికి మరుసటి ఏడు జరిగిందిది. ఆ ఏడంతా నాకు చేతినిండా పని. నీళ్లు తాగిన కెమెరాలు, లోపల బూజు పట్టిన లెన్సులు. విప్పడం, తుడవడం, ఆరబెట్టడం, బిగించడం. నాకు తెలిసిన పని అదొక్కటే.

ఒక శుక్రవారం మధ్యాహ్నం మా చెల్లెలి కూతురు వచ్చింది. ఒకచోట నిలవదని చిన్నప్పుడే దానికి మిడత అని పేరు పెట్టాను. ఇప్పుడు ముప్పై ఏళ్లు. పేపరుకు ఆటల ఫొటోలు తీస్తుంది. ఆ ఆదివారం ఊరి బయట బురదలో మోటారుసైకిళ్ల పందెం ఉంది.

“నా పొడుగు లెన్స్ బాగయిందా మామయ్యా?”

“బూజు పోయింది. మోటారు చచ్చింది.”

“అంటే?”

“ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి.”

“నేను తిప్పేలోపు ఆ బండి ఇంటికెళ్లి స్నానం చేసి పడుకుంటుంది!”

కొత్త లెన్స్ రావడానికి నెల పడుతుందన్నారట. నా బీరువా తనే తెరిచి వెతికింది. పొట్టి లెన్స్ ఒకటి బయటికి తీసింది. వెడల్పుగా చూపించేది, ఫోకస్ చిటికెలో పట్టేది. దాన్ని కెమెరాకి తగిలించి కిటికీలోంచి వీధంతా చూసింది.

“ఇదే. దీంతో బండి పక్కనే నిలబడి తీస్తాను.”

“వద్దు.”

“ఎందుకొద్దు?”

వివరంగా చెప్పడం నాకు చేతకాదు. గుమ్మం దగ్గరికి వెళ్లి నిలబడ్డాను.

“కన్ను దానికి పెట్టు. నీ దగ్గరికి నడుస్తాను. బారెడు దూరం ఉండగా ఆగమను.”

నడిచాను. మిడత కెమెరాలో చూస్తూ, “రా… ఇంకా రా… ఇంకా…” అంటోంది. నా చొక్కా బొత్తాం లెన్స్ అంచుకు తగిలింది. అప్పుడు, “ఆఁ, ఇక ఆగు” అంది.

కన్ను తీసి చూసి ఉలిక్కిపడింది. తరవాత పకపకా నవ్వింది.

“నీ పొట్ట ముందొచ్చింది మామయ్యా, నువ్వింకా వెనకే ఉన్నావు!”

మళ్లీ చేయించాను. ఈసారి మూరెడు దూరంలో ఆగమంది. పొట్టి లెన్స్ గుణమే అంత. దగ్గరున్నదాన్ని దూరంగా చూపిస్తుంది. నేను నడిచే మనిషిని కాబట్టి బొత్తాం తగిలి ఊరుకుంది.

“రెండుసార్లు చూశాను కదా, ఇక గుర్తుంటుందిలే” అంది. లెన్స్ సంచిలో వేసుకుని వెళ్లిపోయింది.

శనివారం బండ్లవాళ్లు పందేనికి ముందు ఆ బురద దారిలో ఒకసారి తిరిగి చూసుకున్నారు. సాయంత్రం మిడత నేరుగా షాపుకే వచ్చింది. జుట్టునిండా బురద. మొహం వెలిగిపోతోంది. కెమెరా వెనక చిన్న తెరమీద ఫొటో చూపించింది.

సగం ఫొటో ముందు చక్రమే. దానిమీంచి లేస్తున్న బురద, పైన బండివాడి కళ్లు. ఆ కళ్లలో భయం కనిపించింది. బండి నడిపేవాడికి భయమెందుకు, అనుకున్నాను.

“ఎంత దూరంనుంచి తీశావు?”

“ఐదారడుగులు ఉంటుందిలే.”

నేను లేచి వీధిలోంచి నా సైకిలు లోపలికి తెచ్చాను. ముందు చక్రం దానివైపు తిప్పాను. ఫొటోలో చక్రం ఎంత ఉందో, కెమెరాలో నా సైకిలు చక్రం అంత కనబడేదాకా కొంచెం కొంచెం జరుపుతాను, సరిపోగానే ఆపమను అన్నాను.

“ఇంకా జరుపు… ఇంకా… ఇంకొంచెం… ఆఁ, ఇంతే.”

నా మోచెయ్యి టైరుకు ఆనించి చెయ్యి చాపాను. వేళ్లు లెన్స్ అద్దానికి తగిలాయి.

మూర. అంతే.

మిడత నా చేతివంక చూసింది. ఈసారి నవ్వలేదు. జేబులో ఫోను మోగింది. అవతల పేపరు ఆఫీసులో ఫొటోలు ఏరే పెద్దాయన. “సరే సార్… ఇలాంటిదే సార్… ఇంకా దగ్గరగానా సార్? సరే” అని పెట్టేసింది.

“రేపు మొదటి పేజీకి ఇలాంటిదే కావాలట.”

“తీయకపోతే?”

“సోమవారంనుంచి ఈ పని ఇంకొకరికి. అక్కడ నా కుర్చీకోసం ఇద్దరు కాచుక్కూచున్నారు.”

“పొడుగుది పట్టుకుపో.”

“దాంతో వచ్చేవి మసక ఫొటోలు. మసక ఫొటోలు తీసుకుని నేనేం చేసుకోను?” గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. “అమ్మకి చెప్పకు మామయ్యా.”

చెప్పలేదు. కాసేపు సైకిలు చక్రం ముందు నా చెయ్యి చాపుకుని చూసుకున్నాను.

మర్నాడు తెల్లవారగానే వాళ్లింటికి వెళ్లి స్కూటరు దగ్గర నిలబడ్డాను. బయటికొచ్చిన మిడత నన్ను చూసి నడుంమీద చేతులు పెట్టుకుంది.

“ఎక్కడికి?”

“నీతోనే.”

“ఏంటి, ఈ వయసులో పందేలా?”

వెనక ఎక్కి కూర్చున్నాను. నన్ను దించడం తనవల్ల కాదని దానికి తెలుసు.

పందెం దారి మలుపు దగ్గర తాడు కట్టి ఉంది. ఈల మెడలో వేసుకున్న కాపలావాడు ఆపాడు.

“ఫొటోవాళ్లకే లోపలికి. ఈ తాత ఎవరు?”

“నా సంచీ మోస్తాడు.”

“ఆయన్నెవరు మోస్తారమ్మా?” అని నవ్వి తాడెత్తాడు.

బురద చీలమండలదాకా ఉంది. మిడత మలుపు లోపలి అంచున మోకాళ్లు వంచి కన్ను కెమెరాకు ఆనించింది. నేను వెనక నిలబడి దాని నడుం బెల్టు గుప్పిట పట్టుకున్నాను.

“ఏం చేస్తున్నావు?”

“నీ పని నువ్వు చూసుకో.”

చప్పుడు ముందు వచ్చింది. తరవాత బండి. నేను అద్దంలోంచి చూడలేదు, ఉత్త కళ్లతో చూశాను. వెనక చక్రం పక్కకి జారుతోంది. మిడత కదల్లేదు. దాని కంటికి బండింకా అల్లంత దూరానే ఉంది.

లాగాను.

ఇద్దరం వెల్లకిలా పడ్డాం. బురద మామీద కురిసింది. బండి పోయింది.

“మామయ్యా! ఏం పని ఇది? ఆకాశం పడింది ఫొటోలో! ఉత్త ఆకాశం! నా పొట్ట కొట్టావు కదా!”

నేను లేచి, మిడత నిలబడిన చోటు చూశాను. చెప్పు గుర్తులు రెండు దిగబడి ఉన్నాయి. వాటిమీదుగా టైరు గాడి పోయింది. వేలెత్తి చూపించాను.

మిడత చూసింది. చాలాసేపు లెన్స్ అద్దం తుడుస్తూనే ఉంది, అప్పటికే శుభ్రంగా ఉన్నా.

మళ్లీ చప్పుడు మొదలైంది. ఒక్కొక్కటిగా వదులుతున్నారు, ఇంకా తొమ్మిది బండ్లు రావాలి. మిడత ఒక్క అడుగు, ఒక్కటంటే ఒక్కటే, వెనక్కి వేసి కన్ను కెమెరాకు ఆనించింది. నేను బెల్టు మళ్లీ పట్టుకున్నాను, ఈసారి రెండు చేతులతో.