ఇష్టపూర్వకంగా

పొద్దున పది గంటలకల్లా గంగక్క తన వంతు పని ముగించేసింది. కళ్యాణదుర్గం కోర్టు వీధిలో, నోటరీ లాయరు రాఘవేంద్ర ఆఫీసులో, ఆయన వేలు పెట్టి చూపించిన చోట సంతకం చేసింది. "ఇష్టపూర్వకంగానే పంపిస్తాండావా అమ్మా?" అని ఆయన అడిగితే, "ఇష్టం లేకపోతే కోడి కూయకముందే మడకశిరలో బస్సెక్కి ఈడికేంటికొస్తా సామీ?" అని ఎదురడిగింది కూడా.

"సరే, బిడ్డ నాయన సంతకం గూడా కావాల. ఆయన యాడ?"

అదీ సంగతి. ఆయన ఎక్కడున్నాడో తెలిస్తే గంగక్కకు ఇంత కడుపుమంట ఎందుకు?

కూతురు లహరి అనంతపురంలో డిగ్రీ మొదటి ఏడాది చదువుతోంది. ఒక్క ఏడాది పాటు న్యూజిలాండు యూనివర్సిటీలో చదివి రావడానికి వాళ్ల కాలేజీ నుంచి ఇద్దరిని ఎంపిక చేశారు. అందులో లహరి ఒకతి. గొర్రెలు కాసేవాడి కూతురు. ఊరు ఊరంతా ముక్కున వేలేసుకుంది. అయితే లహరికి పద్దెనిమిదేళ్లు నిండడానికి ఇంకా నాలుగు నెలలున్నాయి. కాబట్టి తల్లీ తండ్రీ ఇద్దరూ నోటరీ ముందు సంతకం చేయాలి. ఆ కాగితం ఈరోజు సాయంత్రం ఐదులోపు కంప్యూటర్‌లో ఎక్కించాలి. ఎక్కకపోతే ఆ సీటు వరుసలో తర్వాతున్న పిల్లకు పోతుంది. ఆ మాట న్యూజిలాండు వాళ్లు మొహమాటం లేకుండా రాశారు.

లహరి నాయన ఎర్రప్పేమో మందతో బెళుగుప్ప దిక్కున ఉన్నాడు. ఎండాకాలమంతా అదే పని. విత్తనం పడకముందు రైతుల పొలాల్లో రాత్రిళ్లు గొర్రెలను మంద కట్టిస్తే పొలానికి ఎరువు, గొర్రెకు మేత. రెండు రాత్రులు ఒక పొలం, మూడు రాత్రులు ఇంకో పొలం. సంతకం సంగతి నాలుగు రోజుల కిందటే ఫోన్లో చెప్పారు. ఊ అన్నాడు. అప్పటి నుంచి ఫోను స్విచ్చాఫ్.

"నేను నాలుగున్నరకు అనంతపురం పోవాల. అంతలోపల తీసుకురాండి," అన్నాడు రాఘవేంద్ర.

లహరి ఆ ఆఫీసు బెంచీ మీద బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పొద్దున్నుంచి గుక్కెడు నీళ్లు కూడా తాగలేదు. "నాయనొస్తాడు కదమ్మా?" అంది.

"రాకపోతే ఈడ్చుకొస్తా. నువ్వు కదలాకు ఈడ్నుంచి," అంది గంగక్క.

కళ్యాణదుర్గంలోనే పంక్చర్ల అంగడి పెట్టుకున్న తమ్ముడు ఓబుళేసు బండి తీశాడు. మే నెల ఎండ నెత్తిన కుంపటి పెట్టినట్టుంది. గంగక్క కొంగు తలకు చుట్టుకుని వెనక కూర్చుంది.

"అక్కా, ఆ దేశంలో మనుషుల కన్నా గొర్రెలే ఎక్కువంట," అన్నాడు ఓబుళేసు, ఆమె మనసు మళ్లిద్దామని.

"గొర్రెలు చూడనీకి సముద్రం దాటాల్నా? నోర్మూసుకోని బిరీన పోనీ."

బెళుగుప్ప అవతల శ్రీరంగప్ప అనే రైతు పొలంలో మంద ఉందని మొదట చెప్పాడు ఎర్రప్ప. అక్కడికి చేరేసరికి పన్నెండు. శ్రీరంగప్ప కల్లం దగ్గర మంచం వాల్చుకుని పడుకున్నాడు.

"నీ మొగుడా? మూడు దినాలాయ మందను లేపుకోని పోయి. ఇంగా రెండు రాత్రులు కట్టమ్మంటే ఇనకపాయ. ఏం తొందరో ఏమో!"

"యా దిక్కు పోయినాడన్నా?"

"నాకు చెప్పి పోయినాడా?"

గంగక్క ఒళ్లు మండిపోయింది. మూడు రోజులంటే, ఫోను ఆగిపోయిన మరునాడే. ఒప్పుకున్న పొలం మధ్యలో వదిలిపెట్టి పోయే మనిషి కాదు ఎర్రప్ప. మాట పోతుందని జ్వరంలో కూడా మంద కట్టించినవాడు. ఏదో జరిగి ఉండాలి. పాము ముట్టిందా? ఎండదెబ్బ తగిలి ఎక్కడైనా పడిపోయాడా? తిట్టుకుంటూ తిట్టుకుంటూనే ఇంటి దేవుడికి మొక్కుకుంది.

అక్కడి నుంచి బండిబాట పట్టుకుని పోయారు. బాట చీలిన చోటల్లా గంగక్క దిగి, నేలమీద పెంటికలు ఏరి వేళ్లతో నలిపి చూసింది. ఆమె పుట్టింది కూడా మందలున్న ఇంట్లోనే. పొడిగా రాలిపోతే పాతవి, లోపల పచ్చిగా ఉంటే పొద్దుటివి. ఒకచోట దారి తప్పి ముప్పావుగంట వృథా అయింది. అక్కడ తిరిగింది వేరేవాళ్ల మేకలు. ఓబుళేసు గడియారం చూస్తే ఒంటిగంటన్నర. లహరి మూడుసార్లు ఫోన్ చేసింది. మూడోసారి గంగక్క ఎత్తలేదు. ఎత్తి ఏం చెప్పాలి?

రెండు దాటాక, ఒక రాళ్ల గుట్ట వెనక గొర్రెల అరుపు వినిపించింది.

ఎర్రప్ప తుమ్మచెట్టు నీడలో గొంగళి పరుచుకుని కూర్చున్నాడు. పాము ముట్టలేదు, ఎండదెబ్బ తగల్లేదు. భార్యను చూసి లేచి నిలబడ్డాడు. మళ్లీ కూర్చున్నాడు.

"ఫోను ఏమైంది?" అంది గంగక్క.

"చార్జి అయిపోయినాది."

ఆమె వంగి అతని చొక్కా జేబులోంచి ఫోను లాగింది. మీట నొక్కి పట్టుకుంది. తెర వెలిగింది. చార్జి ముప్పావు వంతు పైగానే ఉంది.

ఇరవై ఏళ్ల కాపురంలో ఎర్రప్ప ఆమెకు అబద్ధం చెప్పిన గుర్తు లేదు. ఓబుళేసు మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఇక గంగక్క నోటికి అడ్డూ ఆపూ లేకపోయింది. బిడ్డ అక్కడ బెంచీ మీద నోరెండగట్టుకుని కూర్చుందని చెప్పింది. కూతురి తలరాత మీద మన్ను పోయడానికి దాక్కున్న తండ్రిని ఎక్కడా చూడలేదంది. మొగోడివేనా అంది. ఎర్రప్ప రెండుసార్లు నోరు తెరిచాడు. రెండుసార్లూ ఆమె మూయించింది.

"నాగన్న ల్యాడు," అన్నాడు చివరికి. నాగన్న అతని జతగాడు. "గొర్రెలకు మందు తేనీకి పోయినాడు. మాపటేళకు గాని రాడు. మందనిడిసి యాడికి పోయేది?"

"కట్టె ఇట్లియ్యి."

"ఏమే, వాళ్లూ వీళ్లూ చూస్తే..."

ఆ ఇంట ఆడవాళ్లు మంద వెంట పోరు. ఎవరైనా చూస్తే ఎర్రప్పకు నగుబాటే. గంగక్క అతని చేతిలోంచి కట్టె లాక్కుంది. "చూస్తే చూడనీ. బండెక్కు."

అతను గొంగళి దులిపి చెట్టుకొమ్మ మీద వేశాడు. ఎక్కాడు. అప్పటికి మూడు కావస్తోంది.

బండి కనుమరుగైనాక గంగక్క మందను కొంచెం దూరం మళ్లించింది. నూట ఇరవై దాకా గొర్రెలు, ఎండకు ఒకదాని పొట్ట కింద ఒకటి తలలు దూర్చి నిలబడ్డాయి. ఆమె కూర్చోలేకపోయింది. మనసంతా కోర్టు వీధిలోనే ఉంది. బండి ఇప్పుడు బెళుగుప్ప దాటి ఉంటుంది, ఇప్పుడు తారు రోడ్డెక్కి ఉంటుంది అనుకుంటూ అటూ ఇటూ తిరిగింది. టైరు పేలితే? పంక్చర్లు వేసేవాడి బండి టైరే అన్నిటికన్నా అరిగిపోయి ఉంటుంది.

నాలుగుంబావుకు ఫోను మోగింది. లహరి.

"అమ్మా, నాయన వచ్చినాడు," అంది పిల్ల. "సంతకం చేయించుకోను అంటాండాడు సారు."

"ఏంటికి?"

ఫోను రాఘవేంద్ర చేతిలోకి పోయింది. "అమ్మా, నేను అడిగే మాట అందరినీ అడిగేదే. ఇష్టపూర్వకంగా పంపిస్తాండావా అంటే, మీ ఆయన ఇష్టం ల్యా అన్నాడు. ఇష్టం ల్యా, అయినా సంతకం పెడతా అంటాండాడు. అట్లంటే నేనెట్ల ముద్ర వేసేది? నా లైసెన్సు పోతాది."

గంగక్కకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. అక్కడ గోడ కూడా లేదు. లోకంలో ఎవరైనా ఊ అని తలూపి సంతకం గీకి వచ్చేస్తారు. ఈయనకు ఇప్పుడే సత్యం పుట్టుకొచ్చింది! ఫోను అందరికీ వినబడేలా పెట్టమంది.

"ఏమప్పా, ఇందాక నాకు చార్జి ల్యా అని చెప్పినావే, ఆ నోటితోనే ఇంగొక్క అబద్ధం చెప్పలేవా?"

"ఆపొద్దు ఫోన్లో ఊ అన్నందుకే నాలుగు దినాలాయ కూడు సయించక," అన్నాడు ఎర్రప్ప. "ముద్రేసే కాగితం మీద ఎట్ల చెప్పేది?"

అప్పుడు గంగక్కకు తట్టింది. పొద్దున్నుంచి ఈ మనిషిని వెతికింది, తిట్టింది, బండెక్కించింది. ఎందుకు వద్దంటున్నావు అని మాత్రం ఒక్కసారీ అడగలేదు.

"ఏమి భయమప్పా నీకు?" అంది, ఈసారి మెల్లగా.

ఎర్రప్ప ఫోనుకు దగ్గరగా జరిగినట్టుంది.

"నెల దినాలు వేరే మందలో తిరిగొచ్చిన పిల్లను తల్లిగొర్రె దగ్గరికి రానీదు. వాసన చూసి కుమ్ముతాది. నీకు తెలుసు గదా. ఇది ఏడాది తిరిగొస్తాది. మాట మారతాది, నడక మారతాది. మా దగ్గర కూచోనీకి దానికి నామోషీ అయితే అది వేరే మాట, ఓర్చుకుంటా. నేనే దాన్ని గుర్తు పట్టకపోతే? నేనే ఎవుర్నో చూసినట్ల చూస్తే?"

"నువ్వు గొర్రెవా ఏంది?" అని గంగక్క అరిచింది గానీ, ఆ భయం ఆమెకూ ఉంది. నాలుగు రోజులుగా దాన్ని కోపంలో దాచిపెట్టుకుని తిరుగుతోంది.

లహరి మాట వినిపించింది. "నాయనా, నేను పోను. నీకిష్టం లేకుండా నాకొద్దు. సార్, ఆ కాగితం ఇట్లియ్యండి."

"ఏయ్! పెట్టు ఆడ!"

ఎర్రప్ప అరుపుకు ఫోను గరగరమంది. మంద చెదిరినప్పుడు తప్ప అతనా గొంతు ఎత్తడు.

"పోను అంటావా? ఊర్లో ఎవురు పోయినారే ఇంతవరకు? నువ్వు పోకుండా మడకశిరలో కూచోని నా మొగం చూస్తాంటే, నేను చూసుకుంటా బతకాల్నా?" ఒక్క క్షణం ఆగాడు. తన నోట వచ్చిన మాట తనే విన్నట్టున్నాడు. "సామీ, మళ్లా అడుగు నన్ను."

"అట్ల కోపంగా చెప్తే ఎట్లప్పా?" అన్నాడు రాఘవేంద్ర.

"కోపం నాది, ఇష్టం గూడా నాదే. అడుగు."

రాఘవేంద్ర మళ్లీ అడిగాడు, ఒక్కొక్క మాటా విడదీసి. ఎర్రప్ప "ఇష్టమే" అన్నాడు. గంగక్క ఫోనుని చెవికి అదిమి పట్టుకుంది. కాగితం చప్పుడు, ఎవరిదో దగ్గు. తర్వాత ముద్ర పడిన శబ్దం, టప్పుమని. ఒకటి కాదు, రెండు.

లైను తెగిపోయింది. ఆమె మళ్లీ చేయలేదు. పని మధ్యలో అడ్డు తగిలినట్టు ఉంటుందని చేతులు కట్టుకుని నిలబడింది. ఐదు కావడానికి పది నిమిషాలుందనగా ఫోను వచ్చింది.

"పోయిందమ్మా! ఎక్కినాది! అందినట్టు మెయిల్ గూడా వచ్చినాది!" లహరి నవ్వుతోందో ఏడుస్తోందో తెలియడం లేదు. వెనక ఓబుళేసు ఎవరికో టీ చెబుతున్నాడు.

"నీళ్లు తాగు ముందు," అంది గంగక్క. నేలమీద కూలబడింది. కట్టె పక్కన పడేసి, కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగక, గొర్రెలు తలలెత్తి చూసేటట్టు బావురుమంది.

ఫోనులో ఎర్రప్ప గొంతు కంగారుగా వినిపించింది. "ఏమే? ఏమైంది? మందకేమన్నా అయిందా?"

"మందకేం కాల్యా. బిడ్డ పోతాది గదప్పా," అంది గంగక్క.