కుట్లు విప్పని కోటు

ఓయిజర్ తడివేలితో ఇస్త్రీపెట్టె అడుగును తాకాడు. చుయ్‌మంది. చాలదు. దాన్ని మళ్ళీ గ్యాసు మంట మీద పెట్టి, బల్ల మీద వచ్చిపడిన కోటును రెండు వేళ్ళతో, చచ్చిన ఎలుకను తోకపట్టి ఎత్తినట్టు ఎత్తాడు.

"దీన్ని కోటంటారా జెలిగ్?"

యజమాని జెలిగ్ గుడ్డ కత్తిరిస్తున్నాడు. తల ఎత్తలేదు. "పారిస్‌లో కోటనే అంటారు. పోలెండులో, మీ రాదోమ్‌లో ఏమంటారో నాకు తెలీదు."

"మా రాదోమ్‌లో దీన్ని గుర్రానికి కప్పుతారు. అదీ గుర్రం ఒప్పుకుంటే."

"అలాగైతే గుర్రాన్నే పిలిపిస్తాను, నీ బదులు పనికి."

ఆ రోజుకు వాళ్ళ పలకరింపులు అయిపోయాయి. ఓయిజర్ తడిగుడ్డ పిండి కోటు భుజం మీద పరిచాడు. పెట్టె ఆనించగానే తెల్లటి ఆవిరి లేచి అతని ముఖాన్ని మింగేసింది. వెంటనే పెట్టె తీసి, గుడ్డ తీసి, ఆవిరి లేచినచోట చెక్కదిమ్మను బలంగా అదిమి పట్టుకున్నాడు. ఆవిరి గుడ్డలో ఉన్న ఆ కాస్సేపే దానికి బుద్ధి చెప్పడం కుదురుతుంది. తర్వాత అది ఎవరి మాటా వినదు.

బెల్‌విల్ వీధిలో మూడో అంతస్తు. కిటికీ అద్దాలు ఎప్పుడూ చెమర్చే ఉంటాయి. ఆ గదిలో పెట్టె మోసీ మోసీ ఓయిజర్ కుడిభుజం కిందికి జారింది. ముంజేతుల మీద పాత కాలిన మచ్చలు నాణేల్లా మెరుస్తాయి. కనుబొమలు ఆవిరికి తడిసి ఎప్పుడూ అతుక్కునే ఉంటాయి కనుక, అతను ఎవరిని చూసినా నచ్చక చూస్తున్నట్టే ఉంటుంది. నిజానికి నచ్చకే చూస్తాడు. పారిస్ కాఫీ అతనికి నచ్చదు, అది గిన్నె కడిగిన నీళ్ళు. దేవుడు నచ్చడు, చెప్పాపెట్టకుండా పనిమానేసినవాడు. యుద్ధం తర్వాత మొదలైన సంతాపసభలు బొత్తిగా నచ్చవు. ఏడవడానికి టై కట్టుకుని వచ్చేవాళ్ళను అతను మనుషుల్లో లెక్కవేయడు.

అన్నిటికన్నా జెలిగ్ కోట్లంటే అసహ్యం. అవి ఎవరి ఒంటి మీదా కొలిచి చూడని కోట్లు. ఓయిజర్ రాదోమ్‌లో పని నేర్చుకున్న రోజుల్లో కోటుకు ముందు తెల్లదారంతో కచ్చా కుట్లు వేసేవారు. వేసుకోబోయే మనిషి వచ్చి, తొడుక్కుని, చేతులు చాపి, ఒకసారి అటూ ఇటూ తిరిగేదాకా ఆ తెల్లదారం తీయకూడదు. గురువు దీనికోసం చెవి మెలిపెట్టేవాడు. "దారం తీశావంటే కోటు పూర్తయినట్టేరా. పూర్తయిన కోటుకి ఇక ఆ మనిషితో పనేముంది?" అనేవాడు.

మధ్యాహ్నం మెట్ల మీద చప్పుడైంది. అల్లుడు సాబీ వచ్చాడు. గ్రీసులోని సాలొనికాలో పుట్టి, పదేళ్ళప్పుడు తండ్రి వెంట పారిస్ చేరినవాడు. బజారులో మేజోళ్ళు అమ్ముతాడు. పొడుగు మనిషి, ఎవరేమన్నా ముందు నవ్వి తర్వాత అర్థం చేసుకుంటాడు. చేతిలో మూత గిన్నె.

"మాన్యా పంపింది, మామయ్యా. వేడిగా ఉంది."

"అక్కడ పెట్టు. దేంతో చేశారు? మీవాళ్ళ పద్ధతేనా, అన్నిట్లో ఉల్లికాడలూ?"

జెలిగ్ కత్తెర ఆపి అందుకున్నాడు. "ఏమయ్యా సాబీ, మీవాళ్ళు పస్కా పండక్కి మేం ముట్టని అన్నం తింటారటగా! నిజమేనా?"

"తింటాం బాబాయ్. దేవుడు ఇంతవరకూ గొడవ పెట్టలేదు."

"మన యూదుల భాష యిడ్డిష్ ముక్క రాదు, పండక్కి అన్నం మెక్కుతారు. ఇక యూదులెలా అయ్యారయ్యా?"

"హిట్లరు ఒప్పుకున్నాడు బాబాయ్, మీరే ఒప్పుకోవట్లేదు," అన్నాడు సాబీ నవ్వుతూనే.

జెలిగ్ మళ్ళీ కత్తెర పట్టుకున్నాడు.

సాబీ టోపీ తీసి చేతుల్లో తిప్పుతూ నిలబడ్డాడు. అతను ఎందుకొచ్చాడో ఓయిజర్‌కు తెలుసు. మాన్యాకు ఆడపిల్ల పుట్టింది. రేపు శనివారం ప్రార్థనలో పేరు చదవాలి. కిందటి వారం పక్కమీద నుంచే మాన్యా, "అమ్మ పేరే పెడతాం నాన్నా. రైజ్‌లా," అంది. ఓయిజర్ టోపీ పెట్టుకుని, పిల్ల ముఖమైనా చూడకుండా బయటికొచ్చేశాడు. మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు.

ఎందుకంటే పోలెండు నుంచి వచ్చిన ఏ యూదుల ఇంట్లోనైనా బిడ్డకు చనిపోయినవారి పేరే పెడతారు. బతికున్నవారి పేరు పెడితే మృత్యుదూత పొరబడి వాళ్ళను పట్టుకుపోతాడని భయం. అంటే రేపు రైజ్‌లా అని చదివితే, ఓయిజర్ భార్య చనిపోయిందని పదిమందిలో చాటినట్టే. ఆమె చనిపోయినట్టు ఇంతవరకూ ఎవరూ అతనితో చెప్పలేదు. రైలెక్కించారని చెప్పారు. అంతే.

"మామయ్యా, రేపు మీరు రాకపోతే మాన్యా తట్టుకోలేదు."

"బతికున్న ఆడదానికి సమాధి కడుతూ నన్ను రమ్మంటావా? రాయి కూడా నేనే మొయ్యాలా?"

సాబీ నవ్వబోయి ఆగాడు. అతని ముఖంలో నిజమైన అయోమయం కనిపించింది.

"సమాధేమిటి మామయ్యా? అత్తయ్య వస్తుందని మీరే కదా చెప్తారు! వస్తుందనే కదా ఆమె పేరు పెట్టమన్నాను!"

"ఏం వాగుతున్నావు?"

"మాలో పేరు పెట్టేది బతికున్నవాళ్ళదే. అది మర్యాద. మా నాయనమ్మ దీనా ఉండగానే మా ఇళ్ళల్లో ఎంతమంది దీనాలో! పండక్కి అందరం చేరితే, ముసలావిడ వరండాలో నిలబడి కావాలని 'దీనా' అని కేకేసేది. ఇంటినిండా పలికేవాళ్ళు. అది వినడానికే కేకేసేది." సాబీ టోపీ అంచును ఒత్తిపెట్టాడు. "సాలొనికా నుంచి అందరూ ఒకే రైల్లో వెళ్ళారు. ఇప్పుడు కేకేస్తే ఎవరూ పలకరు. కనీసం మీ ఇంట్లోనైనా, అత్తయ్య వచ్చి పేరు పిలిస్తే, ఒకరు పలకాలని..."

"పో," అన్నాడు ఓయిజర్. "నా పెట్టె చల్లారిపోతోంది."

పెట్టె కణకణలాడుతూనే ఉంది. సాబీ వెళ్ళాడు. కాసేపటికి జెలిగ్, "బీరువాలో నా సీసా ఉంది, ఓ గుక్క వేసుకో," అన్నాడు. ఓయిజర్ ఒక కోటు భుజం మీద పెట్టెను అవసరమైనదానికన్నా ఎక్కువసేపు ఉంచాడు. గుడ్డ కమిలి వాసనేసింది. జెలిగ్ ముక్కుకు వాసన తగిలింది. అయినా ఏమీ అనలేదు. ఆ మొరటు మనిషిలోంచి ఆ సంవత్సరానికి రాలిన దయ అదొక్కటే.

శుక్రవారం కనుక పొద్దు వాలకముందే పని కట్టేశారు. ఓయిజర్ తన భవనం గుమ్మం దాటుతుంటే కింది గదిలోంచి కాపలామనిషి మదాం బుర్దె తల బయటపెట్టింది. ఆమెన్నా అతనికి చిన్నచూపే. గదినిండా క్యాబేజీ వాసన, ఒళ్ళంతా పిల్లి వెంట్రుకలు. అయినా ప్రతి శుక్రవారం ఆమె ఆదివారపు రవిక ఇస్త్రీ చేసి ఆ తలుపు పిడికి తగిలించి పోతాడు. ఈ సంగతి ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

"మనవరాలు ఎవరి పోలిక?" అంది.

"చూడలేదు."

"ఇంకా చూడలేదా? నువ్వూ ఒక మనిషివేనా ముసలాడా? ఆ రోజు దాని తల్లి చెంప పగలగొట్టి మరీ కాపాడాను నేను. నీకు ఒక్క చూపుకి గతిలేదా?"

అది నిజమే. యుద్ధకాలంలో, పారిస్ జర్మన్ల చేతిలో ఉన్న ఆ జూలై నెలలో, పోలీసులు యూదుల ఇళ్ళ మీదికి వస్తున్నారని ముందే గుసగుస పాకింది. అంతకుముందు సంవత్సరం మగవాళ్ళనే పట్టుకుపోయారు. కాబట్టి మగవాళ్ళు దాక్కున్నారు. ఆడవాళ్ళను, పిల్లలను ఎవరేం చేస్తారులే అని ఇళ్ళలోనే వదిలేశారు. బెల్‌విల్‌లో గుమ్మం గుమ్మమూ అదే తెలివి చూపించింది. ఓయిజర్ జెలిగ్ అటకమీద గుడ్డల మూటల వెనక పడుకున్నాడు. పోలీసులు ఆడవాళ్ళకోసం, పిల్లలకోసం కూడా వచ్చారు. రైజ్‌లాను మెట్లు దింపుతుంటే మదాం బుర్దె మాన్యా చెయ్యిపట్టి లాగి, "ఇది మా చెల్లెలి కూతురు! ముక్కు చీదుకోవడం కూడా రాని మొద్దు, దీన్నేం చేసుకుంటారయ్యా?" అని పిల్లను ఫెడీమని కొట్టింది. రైజ్‌లా వెనక్కి తిరగలేదట. తిరిగితే పిల్ల "అమ్మా" అనేదని. తెలివంటే ఓయిజర్‌కు అప్పటినుంచే రోత, ముఖ్యంగా తన తెలివంటే.

తర్వాత మాన్యా మదాం బుర్దె చెల్లెలి ఊళ్ళో ఆవులు కాసింది. ఓయిజర్ వేరే దిక్కున ఒక రైతు పశువులకొట్టంలో బతికాడు. యుద్ధం అయ్యాక కూతురికోసం వెళితే, ఆ పిల్ల మాతృభాష మరిచి, ఇంకొకామె కొంగు వెనక నుంచి అతన్ని చూసింది.

అతను పైకి వెళ్ళి చొక్కా మార్చుకున్నాడు. తలుపు వెనక కొక్కేనికి నీలం ఉన్ని కోటు వేలాడుతోంది. ఆ ఎండాకాలంలో రాబోయే చలికి రైజ్‌లాకోసం కుట్టినది. ఆమె స్టూలు మీద నిలబడి చేతులు చాచి, "తొందరేముంది, చలికాలానికి కదా," అని నవ్వేది. చివరి కొలత పోలీసులు వచ్చిన సాయంత్రానికి పెట్టుకున్నారు. కోటు అప్పుడు జెలిగ్ దుకాణంలో ఉండబట్టి మిగిలింది. ఆమె పైబట్టలన్నిటికీ యూదురాలని తెలిసేలా పసుపు నక్షత్రం కుట్టవలసి వచ్చింది. నక్షత్రం పడనిది ఇదొక్కటే. పశువులకొట్టంలో అతను దీన్నే కప్పుకున్నాడు. రైతు భార్య అడిగినా ఇవ్వలేదు. శిబిరాల నుంచి బతికినవాళ్ళను నదికి ఎడమగట్టున పెద్ద హోటల్లో దించిన ఆ వేసవిలో, అందరూ తమవాళ్ళ ఫోటోలు పట్టుకుని నిలబడితే, ఫోటోలేవీ మిగలని ఓయిజర్ చేతిమీద ఈ కోటు వేసుకుని నిలబడ్డాడు. "ఎంతకిస్తావు?" అని అడిగాడొకడు. మనుషులమీద మిగిలిన కాస్త గౌరవమూ అక్కడే పోయింది.

భుజాన ఒక దుమ్ముపోగు కనిపిస్తే ఊదాడు. ఇస్త్రీ చేసిన రవికను దిగుతూ మదాం బుర్దె తలుపుకు తగిలించాడు. తర్వాత కూతురింటికి నడిచాడు.

మాన్యా దీపాలు వెలిగించి ఉంది. తండ్రిని చూసి కుర్చీ అంచు పట్టుకుంది. ఓయిజర్ తిన్నగా ఊయల దగ్గరికి వెళ్ళి వంగి చూశాడు.

"ఉడకేసిన బీట్‌రూట్‌లా ఉంది," అన్నాడు. వేలితో పిల్ల చొక్కా అంచు ఎత్తి చూశాడు. "ఎవరు చేశారీ ఇస్త్రీ? ఆవు తొక్కినట్టుంది."

"నేనే," అన్నాడు సాబీ.

"అనుకున్నా."

పిల్ల ఆ వేలు పట్టుకుంది. ఓయిజర్ వేలు లాక్కోలేదు. ఊయలవైపే చూస్తూ అడిగాడు. "రేపు పేరు ఎక్కడ చదువుతున్నారు?"

"మన గుళ్ళోనే నాన్నా," అంది మాన్యా. "మన రాదోమ్ వాళ్ళ దగ్గర."

"అక్కడొద్దు. ఆ ముసలి కాకులన్నీ పేరు వినగానే తలలూపి నిట్టూరుస్తాయి. నాకు ఆ నిట్టూర్పులు అక్కర్లేదు. సాబీ వాళ్ళ గుళ్ళో చదవండి. వాళ్ళ పద్ధతిలో."

మాన్యాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. భర్త వైపు చూసింది, తండ్రి వైపు చూసింది. "నాన్నా, అమ్మకోసం ఒక్కసారైనా దీపం పెట్టి ఏడవాలని నాకు ఎన్నేళ్ళుగానో ఉంది. నాకు మాత్రం అమ్మ..."

"నీ మనసును నేను ఇస్త్రీ చెయ్యను," అన్నాడు ఓయిజర్. గొంతు మామూలుకన్నా తగ్గింది. "నువ్వు ఏమనుకుని పిలుస్తావో నీ ఇష్టం. చదివేది మాత్రం వాళ్ళ పద్ధతిలో చదవాలి. ఉల్లికాడలు తిన్నా, అన్నం తిన్నా, ఈ ఒక్క విషయంలో ఆ బుద్ధిలేనివాళ్ళకి కాస్త బుద్ధుంది."

సాబీ ఈసారి ముందు అర్థం చేసుకుని తర్వాత నవ్వాడు. మాన్యా వంటింట్లోకి వెళ్ళి, చాలాసేపు కుళాయి తిప్పి ఉంచి, ముఖం కడుక్కుని వచ్చి వడ్డించింది. ఓయిజర్ పులుసులో ఉప్పు ఎక్కువైందన్నాడు. రెండోసారి వేయించుకున్నాడు. వెళ్ళేముందు మళ్ళీ ఊయల దగ్గర ఆగి, ఎవరికీ వినపడకూడదన్నట్టు, "రైజ్‌లా," అని పిలిచి చూశాడు. పిల్ల నిద్రలో మూతి తిప్పింది. "పలికింది, చూశావా," అన్నాడు ఎవరితోనో.

మర్నాడు సాలొనికా వాళ్ళ గుళ్ళో పేరు చదివారు. ముసలివాళ్ళు తలలూపలేదు. "అమ్మమ్మ కళ్ళారా చూడాలి, నూరేళ్ళూ ఉండాలి," అని కేకలేసి, సాబీ వీపు చరిచి, చక్కెర పలుకులు చల్లారు. ఓయిజర్ రాలేదు. ఎంతైనా ఆయన మాటకన్నా మొండితనమే గట్టిదని సాబీ అనుకున్నాడు. జున్నుపెట్టిన వేడి రొట్టెలు మూటకట్టించుకుని, మెట్లెక్కి తలుపు తట్టాడు.

"మామయ్యా! పెట్టేశాం పేరు! నూరేళ్ళు ఉండాలని అరిచారు మావాళ్ళు!"

ఎంత తట్టినా తలుపు తెరుచుకోకపోతే, మదాం బుర్దె పైకి వచ్చి తన దగ్గరున్న తాళంచెవితో తీసింది. ఓయిజర్ ఇస్త్రీ చేసిన రవికను ఆమె వేసుకుని ఉంది, ఆదివారం ఇంకా రాకపోయినా. ఓయిజర్ కుర్చీలో తలుపుకేసి కూర్చుని ఉన్నాడు. చెప్పులు పక్కపక్కనే, తిన్నగా ఉన్నాయి. జారిన కుడిభుజం కుర్చీ చేతికి ఆని, జీవితంలో మొదటిసారి ఎడమదానితో సమంగా ఉంది. కనుబొమలు ఆరి విడిపోయాయి. అందువల్ల ఆ ముఖంలో ఎవరిమీదా కోపం లేదు. మదాం బుర్దె వంగి, కొట్టడానికి ఎత్తే ఆ పెద్ద చేతితోనే, అతని కళ్ళు మూసింది.

బల్ల మీద కుట్లు విప్పే చిన్న కత్తెర ఉంది, తోలు ఒరలోనే, బొత్తాం పెట్టినది పెట్టినట్టే.

సాబీ వెనక్కి తిరిగి తలుపు వేయబోతే, దాని వెనక నీలం కోటు కదిలి, చేతులు కొద్దిగా ఎడంగా చాచుకుని మళ్ళీ నిలిచింది. భుజాల మీదా, నడుము చుట్టూ, కాలరు మడతలోనూ తెల్లదారం కుట్లు ఒక్కటీ తెగకుండా అలాగే ఉన్నాయి. ఎడమచేతి అంచున, మణికట్టు ఎక్కడిదాకా వస్తుందో చూడడానికి గుచ్చిన గుండుసూది ఇంకా అక్కడే ఉంది.