టైపు మిషను మీద ఓడకో మెయిలు

పొద్దున్నే ల్యాబు తలుపు తీయడం, సూదులు సర్దుకోవడం, వచ్చినవాళ్ళను "పిడికిలి బిగించండి, అటు చూడండి" అంటూ మాటల్లో పెట్టి రక్తం తీయడం ఆవిడ పని. ఎంత పిరికివాడైనా ఆవిడ చేతిలో కిక్కురుమనడు. అంతటి మనిషికీ ఆ రోజు ఒక్క మెయిలు ముచ్చెమటలు పట్టించింది.

భర్త ఓడలో వంటవాడు. వెళ్ళేముందు మాటా మాటా పెరిగి, "వెళ్తే వెళ్ళండి, మీరు లేకపోతే నాకేం లోటు?" అనేసింది. అప్పట్నించీ ఆ మాట వెనక్కి తీసుకోలేకా, తీసుకోకుండా ఉండలేకా నలిగిపోతోంది. ముందురోజు ఓడ నుంచి ఫోను వచ్చింది.

"ఇంకో రెండేళ్ళు ఉండమంటున్నారు. రేపు సాయంత్రం సంతకం పెట్టాలి. ఏమంటావు?"

అవతల ఫోను కోసం ఎవరో తొందరపెడుతున్నారు.

"ఆలోచించి కెప్టెన్ మెయిలుకి రాయి," అని అడ్రసు చెప్పాడు. "మధ్యలో అండర్‌స్కోర్. కింద గీత. మర్చిపోకు."

ఫోనులో అక్షరాలు దాటి అంకెల్లోకి, అంకెలు దాటి ఇంకేవో గుర్తుల్లోకి వెళ్ళినా ఆ కింద గీత కనబడలేదు. గీతలా ఉన్నదేదో నొక్కి పంపితే మెయిలు తిరుగుటపాలో వచ్చిపడింది. ల్యాబు కంప్యూటర్లో గీత దొరికింది గానీ 'ఎట్ ది రేట్' దొరకలేదు. రెండంకె మీద బొమ్మ ఉంది, నొక్కితే కొటేషన్ గుర్తు పడుతోంది. ఏ దేశపు పద్ధతిలో పెట్టి పోయారో మహానుభావులు! రిసెప్షన్ అమ్మాయి ట్యాబులో రెండూ దొరికాయి. అదేమో అడ్రసు చివర అడక్కుండానే ఖాళీ ఒకటి వదిలి, పైగా తప్పు నీదేనని ఎర్రబడింది.

"టైపు మాస్టారి దగ్గరికి వెళ్ళక్కా," అంది ఆ అమ్మాయి, ఈ మాత్రం దానికి ఇంత హైరానా ఎందుకన్నట్టు.

ఆ వీధిలో ఎవరి మెయిలు మొరాయించినా మాస్టారి మూడో టైపు మిషను దగ్గరికే వస్తారు. దాని మీద కొట్టి కాగితం బయటికి లాగితే అక్షరాలు వెళ్ళాల్సిన చోటికి వెళ్ళిపోతాయి. కాగితం తెల్లగా బయటికొస్తుంది. మాస్టారు దాన్ని మళ్ళీ దొంతరలో పెట్టుకుంటారు.

"ఎట్ ది రేట్ ఇదిగో. సరుకుల ధరలు కొట్టే రోజుల నుంచీ ఇక్కడే ఉంది, ఎక్కడికీ కదల్లేదు," అన్నారు మాస్టారు. "కింద గీత ఆరంకె మీద. నిదానంగా కొట్టమ్మా."

అడ్రసు ఇట్టే పడింది. కిందకి వచ్చి, మన మాటలే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టడం మొదలుపెట్టింది. వేళ్ళు ఆవిణ్ణి అడక్కుండానే కొట్టేశాయి: "మీరు లేకపోతే లోటే. వచ్చేయండి." చదువుకుంటే ఒళ్ళంతా సిగ్గేసింది. ముందు చూసేది కెప్టెన్ కదా!

"చెరిపేది ఏది మాస్టారూ?"

"చెరపడం ఉండదమ్మా. పైన ఎక్స్‌లు కొట్టుకోవడమే."

వెనక్కి జరిపి ప్రతి అక్షరం మీదా ఎక్స్ కొట్టింది. కింద పొడిపొడిగా, "మీ ఇష్టం. నేను బాగానే ఉన్నాను," అని కొట్టి కాగితం లాగింది. తెల్లగా వచ్చింది.

"అయ్యో, ఎక్స్‌లు కూడా పోయాయేంటి?"

"పోవూ మరి? ఏది పంపాలో ఏది దాచాలో దానికేం తెలుసు! కాగితం మీదున్నదంతా పట్టుకుపోతుంది."

ఆ పూటంతా ల్యాబులో రక్తం ఇవ్వడానికి వచ్చినవాళ్ళే ఆవిణ్ణి మాటల్లో పెట్టాల్సి వచ్చింది. ల్యాబు మూసే వేళకి ఫోను మోగింది.

"ఏం మనిషివే నువ్వు! ఆ ఎక్స్‌ల కిందది చదవడానికి తల ప్రాణం తోకకొచ్చింది. కెప్టెన్ కళ్ళజోడు తెచ్చుకున్నాడు, ఇంజనీరు టార్చి వేశాడు. పొయ్యి మీద కూర మాడిపోయింది."

"అందరూ చదివారా?" ఆవిడకు తల కొట్టేసినట్టయింది.

"అక్షరాలు కూడబలుక్కుని చెప్పింది వాళ్ళే. ఒక్కడికీ ముక్క అర్థం కాలేదు. మన మాటలు ఇక్కడ నాకొక్కడికే కదా తెలుసు."

"మరి... కింద రాసింది చూశారా? మీ ఇష్టమని?"

"చూశాను. నా ఇష్టమే చేశాను. సంతకం పెట్టలేదు. వచ్చే రేవులో దిగిపోతున్నాను."

"తొందరగా రండి," అంది ఆవిడ. పక్కన రిసెప్షన్ అమ్మాయి ఉందన్న ధ్యాస కూడా లేకుండా బావురుమంది.