పసుపు చీటీ

ఆ రోజు ఆమె చేయాల్సిన పనులు ఇవి. నిద్రమాత్రలు గుప్పెడు మింగి బతికిన లెక్చరరు మంచాన్ని కిటికీ పక్కనుంచి తీయించాలి. ఆపరేషనయ్యాక మనుషుల్ని పోల్చుకోలేకపోతున్న తాతగారి కళ్లజోడు వెతికించాలి. సగం తికమక కళ్లజోడు లేకనే. నాలుగు రోజులుగా కంటిమీద కునుకులేని బాలింత దగ్గర అరగంట కూర్చోవాలి. తాగుడు మానేసి వణుకుతున్న మేస్త్రీ చేతులకు కట్టిన గుడ్డలు విప్పించాలి, కుదరదంటే పోట్లాడాలి.

అన్ని జబ్బులకూ చూసే ఆ ఐదంతస్తుల ఆసుపత్రిలో మనసు జబ్బుల నర్సు ఆమె ఒక్కతే. ఏ వార్డులో ఎవరు ఏడ్చినా, అరిచినా, అన్నం మానేసినా ఆమెకే ఫోను. అందరూ 'బుజ్జగింపు సిస్టర్' అని పేరు పెట్టారు. అది ముద్దో వెక్కిరింతో పెట్టినవాళ్లకే తెలియాలి.

పదిన్నరకు క్యాజువాలిటీ నుంచి ఫోనొచ్చింది.

"సిస్టర్, మీ చుట్టం వచ్చింది. వచ్చి తీసుకుపోండి" అన్నాడు డ్యూటీ డాక్టరు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

ఆ చుట్టం ఒక కుట్టుపనావిడ. మూడేళ్ల క్రితం లేని గొంతులు వినిపిస్తున్నాయని నలభై రోజులు ఈ ఆసుపత్రిలోనే ఉంది. నయమై వెళ్లింది. మందులు తప్పకుండా వేసుకుంటూ బడి యూనిఫాంలు కుట్టుకు బతుకుతోంది. ఇప్పుడు నడవాలో స్ట్రెచర్ మీద మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పడుంది. తలవైపు ఫైలు. ఫైలు మీద పసుపు చీటీ.

పక్కనే నిలబడ్డ ఆమె తమ్ముడు చేతులు నలుపుకుంటున్నాడు. "ఏడున్నరకి వచ్చాం సిస్టర్. పొద్దున ఒకటే కేకలు. ఏదో ఇంజెక్షన్ ఇచ్చాక ఊరుకుంది. పని ఎక్కువై మా అక్కకి మళ్లీ మొదలైందంటున్నారు. నిజమేనా?"

అలవాటు ఎక్కడికి పోతుంది? నర్సు కూడా ముందు అదే అడిగింది. "ఏమ్మా, గొంతులు వినిపిస్తున్నాయా?"

కుట్టుపనావిడ కళ్లు తెరిచింది. "గొంతులు కాదమ్మా, కడుపు. పైన మొదలై అంతా పాకింది. కదిలితే ప్రాణం పోతోంది. నాకు పిచ్చొచ్చినప్పుడు ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఇది అది కాదు."

నర్సు ఆవిడ కడుపు మీద చెయ్యి వేసింది. చెక్క మీద వేసినట్టుంది. నాడి పట్టుకుంటే గుర్రం పరిగెడుతున్నట్టుంది. గబగబా డాక్టరు బల్ల దగ్గరికెళ్లింది.

"సార్, కడుపు బిగుసుకుపోయింది. నాడి నూట ముప్ఫై. సర్జన్‌గారిని పిలవండి."

"పసుపు చీటీ ఉందిగా సిస్టర్. ముందు మీ పెద్ద డాక్టరుగారు చూసి, మనసుకి సంబంధించింది కాదని రాయాలి. రూలు."

"ఆయన రెండింటికి గానీ రారు."

"అయితే రెండింటికి చూద్దాం. ఏడ్చిన ప్రతివాళ్లకీ సర్జన్‌ని పిలిస్తే, ఆయనొచ్చి నన్ను ఏడిపిస్తాడు."

"మీరు కడుపు మీద చెయ్యి వేసి చూశారా?"

"ఆవిడ అలా అరుస్తుంటే ఎలా చూస్తాం?"

"నొప్పెడితే అరవక పాట పాడుతుందా సార్?"

డాక్టరు ఇంకో ఫైలు తెరిచి రాసుకోసాగాడు. అంటే చూడలేదు. మూడు గంటల్లో ఒక్క చెయ్యి కూడా ఆ కడుపును తాకలేదు.

నర్సుకు అరికాలి మంట నెత్తికెక్కింది. అయితే ఆ మంటలో సగం తన మీదే. ఎందుకంటే ఆ చీటీ పెట్టించింది ఆమే. ఒకసారి మనసు చెదిరి కోలుకున్న మనిషని తెలిస్తే మెల్లగా మాట్లాడతారని, గుంపులో ఒంటరిగా వదిలేయరని, రెండేళ్ల క్రితం సూపరింటెండెంటు కాళ్లావేళ్లా పడి ఒప్పించింది. తన డబ్బుతో పసుపు కాగితం కొని, తన చేత్తో కత్తిరించింది. ఆ మంచిమాట కాస్తా నెల తిరగకుండానే రూలైంది, రూలు గోడైంది. తాను తీసిన గోతిలో తాను పడినా బాగుండేది. పడింది ఈ మనిషి.

ఆమె వెనక్కి వచ్చి చీటీని పరపరా చింపేసింది. "పట్టు బాబూ, తొయ్యి" అంది తమ్ముడితో.

స్కానింగ్ గది దగ్గర అటెండరు ఫైలు అటూ ఇటూ తిప్పి చూశాడు. ఏ చీటీ లేదు. "ఎమర్జెన్సీయా? లోపలికి తెండి" అన్నాడు. అంతే, అంత సులువు. పది నిమిషాల్లో తేలింది: పేగుకు చిల్లు పడింది. సర్జన్ పరుగున వచ్చాడు.

"ఇంతసేపు ఏం చేస్తున్నారమ్మా?"

"చీటీ చదువుతున్నాం సార్."

ఆపరేషన్ చేశారు. కానీ చిల్లులోంచి కారిన విషం అప్పటికే ఒళ్లంతా పాకిపోయింది. మూడో రోజు పొద్దున కుట్టుపనావిడ చనిపోయింది. కేస్ షీటు ఆఖర్న ఒక వాక్యం రాశారు: 'రోగిని ఆలస్యంగా తీసుకొచ్చారు.'

ఆ కాగితం పట్టుకుని నర్సు సూపరింటెండెంటు గదికి వెళ్లింది. "ఎవరిది సార్ ఆలస్యం? ఆవిడ ఏడున్నరకే వచ్చింది. తన కాళ్లతో నడిచి వచ్చింది. నొప్పి ఎక్కడో వేలు పెట్టి చూపించింది."

"కోపం తెచ్చుకోకమ్మా. చీటీ నీ ఆలోచనే కదా? అప్పట్లో మెచ్చుకుని సర్టిఫికెట్ కూడా ఇచ్చాం."

"అవును సార్. నా తప్పు నేను రాసిస్తాను. మీది మీరు రాయండి."

ఆయన రాయలేదు. ఆమె రాసింది. వచ్చిన వేళ, చెప్పిన మాట, ఎవరూ తాకని ఆ మూడు గంటలు, తన చీటీ, అన్నీ రాసి కింద సంతకం పెట్టి ఒక ప్రతి తమ్ముడి చేతికిచ్చింది. మర్నాటికి ఆమెనే సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది. మెమో చదివి మడిచి, రికార్డు గదికెళ్లి మిగిలిన చీటీలన్నీ పీకడం మొదలుపెట్టింది. గోళ్లు ఊడొచ్చేలా ఉన్నాయి. ఒక్కో చీటీ కిందా ఒక్కో పేరు. ఇంతకుముందు ఇలా ఎంతమంది వచ్చి వెళ్లారో, ఎవరి నొప్పి బుజ్జగించి ఇంటికి పంపేశానో అనుకుంది. అయినా ఆపలేదు. కోపమూ తగ్గలేదు. తగ్గకూడదు కూడా.

చదివినవాళ్లకు ఒక్క మనవి. 'వాళ్లకి మతి సరిగ్గా ఉండదు, మాట పట్టించుకోకండి' అని మీ ముందు ఎవరైనా అంటే, ఆ కుట్టుపనావిడని తలుచుకోండి. కాలరు వంకర లేకుండా వందల మంది పిల్లలకు చొక్కాలు కుట్టిన మనిషి. తన ఒంట్లో ఏముందో ఆ ఆసుపత్రి మొత్తంలో అందరికన్నా ముందు తెలిసిన మనిషి. ఆమెను మరిచిపోకండి.