పూచీ ఉత్తరం

పొద్దున్నే దేవుడి ముందు కళ్లు మూసుకున్న మనిషి మధ్యాహ్నం అదే నోటితో అబద్ధమాడితే, పొద్దుట పెట్టిన దండం చెల్లుతుందా, చెల్లదా? ఓడల ఏజెంటును ఈ సందేహం ఏళ్ల తరబడి వదల్లేదు. భార్యనడిగితే, "అబద్ధమాడకుండా ఉంటే ఆ బెంగే ఉండదుగా" అని నవ్వేసేది. అంత సుళువైతే ఇంకేం!

రేవుకొచ్చే చమురు ఓడల పనులన్నీ ఆయనే చూసేవాడు. చమురు ఎవరిదో చెప్పే అసలు కాగితం టపాలో ఎప్పుడూ ఓడకంటే వెనకే వస్తుంది. అది లేనిదే కెప్టెను చుక్క కూడా దించకూడదు. ఊరికే నిలబెడితేనేమో ఓడ అద్దె తడిసి మోపెడవుతుంది. అందుకని ఏజెంటు ఒక ఉత్తరం రాసిచ్చేవాడు: "సరుకు దించండి, కాగితం వస్తుంది, పూచీ నాది." కెప్టెను దాన్ని చదవకుండానే మడిచి జేబులో పెట్టుకునేవాడు. ఇరవై ఏళ్ల స్నేహం. ఇద్దరూ "బావా" అంటే "బావా" అనుకునేవాళ్లు. కెప్టెను భార్యకు ఏజెంటు "అన్నయ్య".

ఆ మంగళవారమూ అలాగే దించారు. కొన్నది మంత్రి బావమరిది. గురువారం ప్రభుత్వం కూలిపోయింది. శనివారానికి మంత్రీ లేడు, బావమరిదీ లేడు, లారీలకెక్కిన చమురు జాడా లేదు.

ఆదివారం ఏజెంటుకు పిలుపొచ్చింది. కొత్త హార్బరు అధికారి బల్ల మీద ఆ ఉత్తరం ఉంది. గోడ పక్కన కెప్టెను నిలబడి ఉన్నాడు. నడుముకు బెల్టు లేదు, బూట్లకు లేసుల్లేవు.

"పాతవాళ్లకు చమురు దోచిపెట్టినవాడు మాకు కావాలి," అన్నాడు అధికారి టీ చల్లార్చుకుంటూ. "ఒక్కడు చాలు. ఈ సంతకం మీదేనా?"

"కళ్లజోడు పెట్టుకుని మరీ చూడు బావా," అన్నాడు కెప్టెను. ఇంకో గంటలో ఇంట్లో ఉంటాననుకుంటున్నాడు పాపం.

ఏజెంటు కళ్లజోడు పెట్టుకున్నాడు. పెళ్లాం, పిల్లలు, లైసెన్సు ఒక్కసారే కళ్లముందు తిరిగాయి.

"నాది కాదండీ."

కెప్టెను నవ్వాడు. "ఇదేం వేళాకోళం బావా?"

"ఈయన మీకు బావగారా?" అనడిగాడు అధికారి.

"ఓడలవాళ్లు అందర్నీ అలాగే పిలుస్తారండీ."

అధికారి ఒక తెల్లకాగితం ముందుకు జరిపాడు. ఏజెంటు దాని మీద బడిపిల్లాడి రాతలా, ఎప్పుడూ కింద గీసే గీత కూడా లేకుండా సంతకం చేశాడు. అధికారి రెండూ పక్కపక్కన పెట్టి చూసి, నమ్మకుండానే తలాడించాడు.

కెప్టెనుకు ఏడేళ్లు వేశారు.

పై నెల ఇంకో ఓడ వచ్చింది. ఏజెంటు ఎప్పటిలాగే ఉత్తరం పట్టుకుని పడవలో వెళ్లాడు. ఆ ఓడ కెప్టెను నిచ్చెన కూడా దించనివ్వలేదు. "మీ పూచీ మీ దగ్గరే ఉంచుకోండి. కాగితం వచ్చేదాకా కూర్చుంటాం," అని పైనుంచే అరిచాడు. పంతొమ్మిది రోజులు కూర్చున్నాడు. ఆ తర్వాత వచ్చిన ఓడలూ అంతే.

ఒక మధ్యాహ్నం జైల్లో ఉన్న కెప్టెను భార్య ఏజెంటు ఇంటికి వచ్చింది. గుమ్మం దాటలేదు. చేతిలో ఒక ఉన్ని దుప్పటి. పన్నెండేళ్ల కిందట ఆమె కూతురికి ఓడలో జ్వరమొస్తే ఈ ఇంటినుంచి పంపిందే. వచ్చినప్పుడల్లా ఆమె ఇచ్చేస్తాననడం, ఈయన "మనలో మనకేంటమ్మా" అనడం, అలా ఉండిపోయింది.

"లోపలికి రా తల్లీ," అన్నాడు.

"వద్దండీ ఏజెంటుగారూ." దుప్పటి ఆయన చేతుల్లో పెట్టింది. "ఉతికించాను. మూల చిరిగితే కుట్టించాను. చూసి తీసుకోండి."

అని, కదలకుండా నిలబడింది. ఆయన గుమ్మంలోనే దుప్పటి విప్పి నాలుగు మూలలూ చూడవలసి వచ్చింది. "సరిగ్గానే ఉందమ్మా," అని ఆయన నోటితో అన్నాక గానీ ఆమె మెట్లు దిగలేదు.