ఆధారం లేదు

తొమ్మిదో తరగతి పిల్లల చేత సోషల్ టీచరమ్మ వికీ రాయిస్తోందని తెలిసినప్పుడు చిన్నసీటు పెద్దగా పట్టించుకోలేదు. వికీ అంటే తరగతిలో ఎవరైనా రాయొచ్చు, ఎవరు రాసింది ఎవరైనా దిద్దొచ్చు, చెరిపేయొచ్చు అని కూతురు చెప్పింది. మా రోజుల్లో దాన్ని గోడ అనేవాళ్ళం అన్నాడాయన, స్కూటర్ సీటు మీద రెగ్జిన్ లాగిపట్టి పిన్నులు కొడుతూ. ఆయన చదువు ఏడో తరగతితోనే ఆగిపోయింది. బల్ల మీద తాను కూర్చున్న కాలం తక్కువ, ఇతరులు కూర్చునేదాన్ని మెత్తగా చేసిన కాలం ఎక్కువ.

బండ్ల సీట్లు కుడతాడు కాబట్టి వీధిలో ఆయన పేరు చిన్నసీటు. ఎదురు దుకాణం సొంత అన్నయ్యది. పనీ అదే, కాబట్టి ఆయన పెద్దసీటు. ఇద్దరి బోర్డుల మీదా ‘ఈ వీధిలో మొట్టమొదటి సీట్ల దుకాణం’ అనే ఉంటుంది. ఆ ఒక్క మాట దగ్గరే అన్నదమ్ములకి మాటలు పోయాయి. ముఖాలు చూసుకోరు గాని, ఎవరి షట్టరు ముందు లేచిందో మాత్రం రోజూ చూసుకుంటారు. వీళ్ళిద్దరికీ సూది పట్టుకోవడం నేర్పిన ముసలాయన దుకాణం కూడా ఆ వీధిలోనే ఉండేది. ఆయనకి బోర్డు పెట్టుకునే అలవాటు లేదు, పోయి కూడా చాలా కాలమైంది. అందుకని ఆయన సంగతి ఎవరికీ అడ్డం రాలేదు.

పిల్లలకి ఇచ్చిన విషయం ‘మా వీధిలో పనులు’. ఈ వీధిలో మొట్టమొదటి సీట్ల దుకాణం మా నాన్నదే అని, పక్కన ఆయన పేరు కూడా పెట్టి కూతురు రాసింది. మర్నాటికల్లా ఆ వాక్యం పక్కన ఎర్రక్షరాలతో ఒక మాట వెలిసింది: ఆధారం లేదు. ఆ పేజీ తల్లిదండ్రుల గ్రూపులోకి కూడా ఎక్కింది. చిన్నసీటు బావమరిది దాన్ని చూసి, అక్కకి ఫోన్ చేసి మరీ పరామర్శించాడు.

“ఆధారం లేదా? నాకా?” అన్నాడు చిన్నసీటు. “పొద్దున్నించి రాత్రిదాకా నడుం పడిపోయేలా కుడుతుంటే, నాకు దిక్కూదివాణం లేదని అందరికీ చాటుతుందా మీ టీచరమ్మ?”

“నీకు కాదు నాన్నా, వాక్యానికి.”

“వాక్యానికి నేనే కదే ఆధారం.”

“ఇంటికీ మీరే,” అంది లోపల్నుంచి భార్య. “అందుకే రెండూ ఇలా ఉన్నాయి.”

చేతులకున్న జిగురు కూడా కడుక్కోకుండా బడికి వెళ్ళాడు. టీచరమ్మ కుర్చీ వేయించి ఓపిగ్గా చెప్పింది. ఆధారం అంటే పుస్తకమో, పేపర్లో వార్తో, ఫొటోనో ఏదో ఒకటి చూపించాలిట. శుక్రవారం లోగా చూపించకపోతే వాక్యం తీసేస్తారు, అమ్మాయికి మార్కులూ తగ్గుతాయి. బోర్డు ఉంది కదండీ అన్నాడాయన. బోర్డులు రెండున్నాయండీ అందామె.

తిరిగొచ్చేసరికి వాక్యంలో ‘మా నాన్నదే’ అలాగే ఉంది గాని, నాన్న మారిపోయాడు. అన్న కూతురిదీ అదే తరగతి. చిన్నసీటు కూతురి ఫోను లాక్కుని, తన పేరు తనే తిరిగి ఎక్కించాడు. కాసేపటికి అది మళ్ళీ అన్న పేరైంది. వీధికి ఇటొకరు, అటొకరు తలలు వంచుకుని బొటనవేళ్ళతో యుద్ధం చేశారు. కుట్టాల్సిన సీట్లు గోడకి చేరబడి చూస్తూ ఉండిపోయాయి. బావమరిది ఇద్దరికీ లైకులు కొట్టాడు.

అన్న, పేరు మార్చి ఊరుకుంటే ఎలాగో సరిపెట్టుకునేవాడు. కాని పోతూ పోతూ తమ్ముడు మరిచిన ఒత్తులు కూడా పెట్టి పోయేవాడు. చిన్నసీటుకి ఒళ్ళు మండింది అక్కడ.

శుక్రవారం వాక్యం తీసేస్తారనుకుంటే, బడి నుంచి కబురొచ్చింది. అన్నిటికన్నా ఎక్కువ దిద్దుబాట్లు జరిగిన పేజీ అదేనట. కలిసి రాయడంలో మొదటి బహుమతి ఆ ఇద్దరు అమ్మాయిలకీ ఇస్తున్నారు, నాన్నలు కూడా తప్పక రావాలి.

తాను వెళ్ళకపోతే అన్న ఒక్కడే వేదిక ఎక్కుతాడని చిన్నసీటు వెళ్ళాడు. అన్న కూడా అందుకే వచ్చాడు. ఒకరు రాసింది ఒకరు ఇంత శ్రద్ధగా చదివే కుటుంబాన్ని తానెక్కడా చూడలేదని టీచరమ్మ మైకులో చెప్పింది. హెడ్మాస్టారు ఇద్దరి చేతులూ తెచ్చి కలిపాడు. ఫొటో తీసేవాడు నవ్వమన్నాడు.

“ఒత్తులు నేర్చుకోరా,” అన్నాడు అన్న, పెదవులు కదలకుండా. ఏళ్ళ తర్వాత తమ్ముడితో ఆడిన మొదటి మాట అది.

“ముందు నువ్వు చెరపడం మానెయ్, అన్నయ్యా.”

సాయంత్రం కూతురు దుకాణంలోకొచ్చి పేజీ తెరిచి చూపించింది. ఈ వీధిలో మొట్టమొదటి సీట్ల దుకాణం అన్నదమ్ములిద్దరూ కలిసి పెట్టారు, అని ఉంది. ఎర్రక్షరాలు పోయాయి. వాటి చోట నీలం రంగులో, ఆధారం: పాఠశాల పేజీలోని ఫొటో. అందులో ఇద్దరూ చేతులు కలుపుకుని పళ్ళన్నీ కనపడేలా నవ్వుతున్నారు. అక్కచెల్లెళ్ళిద్దరూ కలిసి రాశారట. ఇక ఎవరూ దిద్దకుండా టీచరమ్మ ఆ పేజీకి తాళం కూడా వేసేసిందట.

“ఇది అబద్ధం కదే,” అన్నాడు.

“కావచ్చు నాన్నా. కాని దీనికి ఆధారం ఉంది. మరి నిజంగా ఎవరు మొదట పెట్టారో చెప్పు, టీచరమ్మనడిగి మార్పిస్తాను.”

చిన్నసీటు నోరు తెరిచాడు. వీధి ఆ చివర, మెట్ల కింద, గోనెసంచి పరుచుకుని కూర్చునే ముసలాయన కళ్ళముందు మెదిలాడు. ఆయన పేరు చెబితే పేజీ ఒక్కటే కాదు, నెత్తిమీది బోర్డు కూడా మార్చాలి. ఎదురుగా చూశాడు. అన్న కూడా ఫోను చేత్తో పట్టుకుని, తన బోర్డుకేసి తలెత్తి చూస్తున్నాడు.

నోరు మూసుకుని, జిగురు వేలితో లైకు కొట్టాడు. అక్కడ అప్పటికే ఒక లైకు ఉంది. ఎవరిదా అని చూశాడు.

అందులోనూ అన్నే మొదటివాడు.