మలుపు ఊడ్చే మల్లమ్మ

ట్రాలీ ఆటో కోకాపేట వైపు తిరిగేసరికి మల్లమ్మ చీపురు కట్టు బిగిస్తూ ఉంది. పొడుగు కర్ర చివర ఈనెలు వదులైపోయాయి. పాత సైకిలు ట్యూబు ముక్కను పంటితో పట్టి లాగి, చుట్టూ తిప్పి ముడి వేసింది. ముడి పడ్డా చేయి ఊరుకోలేదు. మళ్ళీ విప్పింది, మళ్ళీ కట్టింది. లేచినప్పటి నుంచీ ఇదే వరస. కూర్చుంటే నిలబడాలనిపిస్తుంది, నిలబడితే కూర్చోవాలనిపిస్తుంది. రొమ్ములో ఏదో మంట. నేరమంతా నిన్న తిన్న మిరపకాయ బజ్జీ మీదికి నెట్టేసింది.

“ఏందక్కా, చీపిరికి జడ ఏస్తున్నవా?” అంది పక్కన కూర్చున్న కనకలక్ష్మి. “ఐతారమొస్తే సాలు, నీ సోకు జూడాలె. గా రేసు పోరగాళ్ళు నిన్ను జూడనికే వస్తున్నరనుకుంటున్నవా?”

“మరి నిన్ను జూస్తె ఆగుతరా? బండ్లు మర్లేసుకొని పోతరు.”

వెనక కూర్చున్న ఆడవాళ్ళంతా నవ్వారు. ముందు సీటులోంచి సూపర్‌వైజర్ పుల్లయ్య మెడ తిప్పాడు.

“నవ్వింది సాలు గని, మల్లమ్మా, నీ పని అద్దాల బిల్డింగు ముంగట. మలుపు కాడికి పోకు. వచ్చే వారం ఆడ స్పీడ్ బ్రేకర్లు ఏస్తున్నరు. ఇగ బండ్లు రావు, పీడ పోతది.”

మల్లమ్మ బుద్ధిగా తల ఊపింది. అద్దాల బిల్డింగు ముందే దిగింది కూడా. ఆటో కనుమరుగు కాగానే చీపురు భుజాన వేసుకుని, తట్ట చంకన పెట్టుకుని మలుపు వైపు నడిచింది.

పొట్టి మనిషి. నుదుటి మీద పచ్చబొట్టు చుక్క, ఎండకు కమిలి నల్లబడ్డ చెంపలు. తట్టలు మోసీ మోసీ కుడి భుజం కాస్త ఎత్తయింది. నారాయణపేట దిక్కు నుంచి మట్టి పనికి వచ్చినప్పుడు ఇక్కడ రోడ్డు లేదు, రాళ్ళ గుట్టలు ఉండేవి. ఈ మలుపుకు కంకర మోసినవాళ్ళలో తనూ ఉంది. కంకర మిషను నీడలో చీర ఉయ్యాల కట్టి కూతురు భవానిని పడుకోబెట్టింది. ఇప్పుడు ఆ పిల్లకే పిల్లలు. మొగుడు మొగిలి తెల్లాపూర్‌లో ఒక గేటు దగ్గర రాత్రి కాపలా. అతను వచ్చే వేళకు ఈమె వెళ్తుంది. ఇద్దరిదీ ఒకటే మంచం, ఒకేసారి మాత్రం కాదు.

ఇక ఆదివారం పొద్దున్నే మోటారు సైకిళ్ళ మీద పందెం కట్టే ఆ బండ్ల పిల్లల సంగతి. అది మల్లమ్మ చేతి పనితోనే మొదలైంది. మలుపు ఊడ్చేటప్పుడు దుమ్ము లేస్తుందని నిరుడు ఒక ఆదివారం బకెట్టుతో నీళ్ళు చల్లింది. వాకిలి ఊడ్చే ముందు నీళ్ళు చల్లకపోతే ఎట్లా, ఏ ఆడదాన్నయినా అడగండి. పొద్దు పొడిచే వేళకు బండ్లు రానే వచ్చాయి. ముందు వచ్చిన నీలం బండి తడిమీద చేపలా జారి, మనిషితో సహా డివైడరు దాకా పోయింది. మల్లమ్మ రొమ్ము బాదుకుంటూ పరిగెత్తింది. హెల్మెట్టు టోపీ తీస్తే, ఇరవై ఆరో ఏడో ఉండే పిల్లవాడు. కర్నూలు వైపు వాడు, పేరు ప్రశాంత్, కంప్యూటర్ల ఉద్యోగం. మోచేయి చెక్కుకుపోయి నెత్తురు కారుతుంటే వాడు ఈమెనే ఓదార్చాడు.

“ఏం కాల్యా అవ్వా. నువ్వు నీళ్ళు జల్లింటివి, నేను జారింటి. సరిపాయ.”

ఆనాటి నుంచి ఆమె మలుపును పొడిగానే ఊడుస్తుంది. ముక్కుకు కొంగు కట్టుకుని, దుమ్మంతా తానే మింగుతుంది. వాడు ప్రతి ఆదివారం బండి నెమ్మది చేసి, “ఈ పొద్దు నీళ్ళు జల్లలేదు గదా అవ్వా?” అని అడుగుతాడు. “లేదు బిడ్డా, ఎండు చీపిరే,” అంటుంది. ఆ మాట విన్నాకే బండి ఉరుముతుంది.

పోయిన వారం మాత్రం వాడు డివైడరు మీద కూర్చుండిపోయాడు. వాళ్ళ జట్టులో యశ్వంత్ అనే అబ్బాయి ఇంకో రోడ్డు మీద పడి దవాఖానలో ఉన్నాడు. నడుస్తాడో లేదో తెలియదు.

“ఎందుకు బిడ్డా గింత తొందర? ఐతారం ఆఫీసు సుత లేదాయె.”

“తొందర గాదవ్వా. మిగతా దినాలు తలకాయ నిండా ఏదో ఒకటి ఉంటాది. ఈ మలుపులో వంగినప్పుడు ఏమీ ఉండదు.” వాడు చేతి తొడుగులు విప్పి మళ్ళీ తొడుక్కున్నాడు. “వచ్చే ఆదివారం ఒక్కటే. ఇంగ రోడ్డు మీద మానేస్తాం. మద్రాసు కాడ రేసులకనే కట్టిన ట్రాకుండాది. ఈ పక్క గూడా ఎప్పటికో ఒకటి కడతారంట. ఆడ పడినా మెత్తటి మట్టి, పక్కనే అంబులెన్సు, మలుపు మలుపుకూ ఒక మనిషి. ముందర ఏమన్నా అడ్డముంటే పసుపు జెండా ఊపుతాడు. జెండా కనపడితే ఎంత మొనగాడైనా ముందరోణ్ణి దాటకూడదు.”

“గాయినకు ఇంకేం పని లేదా?”

“అదే పని.”

“మరి ఈడ ఎవరున్నరు?”

“ఈడ నువ్వుండావు గదా.”

నవ్వుతూనే అన్నాడు. వారమంతా ఆ మాట మల్లమ్మను నిలవనీయలేదు. ఆ ఒక్కటే ఆదివారం ఇవాళ వచ్చింది.

మలుపు దగ్గరికి రాగానే ఆమె కాళ్ళు ఆగిపోయాయి. రాత్రి ఏదో టిప్పరు చెడిపోయి ఆగినట్టుంది. దాని వెనక హెచ్చరికగా పేర్చిన రాళ్ళు వరసగా అట్లాగే ఉన్నాయి, మీద వాడిపోయిన కానుగ కొమ్మ. బాగు చేసుకుని పోయేవాళ్ళు ఆ రాళ్ళను తీస్తారా? ఏనాడూ తీయరు. రాళ్ళ అవతల, సరిగ్గా బండ్లు వంగే చోట, ఇంజను నూనె నల్లగా పరుచుకుని ఉంది.

“మీ చేతులిరగ,” అని ఆ కనబడని డ్రైవరును తిట్టి, చీర చెక్కి పని మొదలుపెట్టింది. చిన్న రాళ్ళను పక్కకు దొర్లించింది. డివైడరు అంచున ఉన్న రెండు పెద్ద రాళ్ళు కదలలేదు. వాటినట్లా వదిలి, పూలమొక్కల పాదుల్లోంచి మట్టి గీకి తట్టతో నూనె మీద పోయసాగింది. తట్ట పోసి వచ్చేసరికి మంట భుజంలోకి ఎక్కింది. ఇంకో తట్టకు ఎడమ చేయి తిమ్మిరెక్కింది. కూర్చుందామనుకుంది. కూర్చోలేదు. నూనె ఇంకా సగం మెరుస్తూనే ఉంది.

దూరంగా, ఫ్లైఓవరు మీద, బండ్ల మోత మొదలైంది.

మల్లమ్మ తట్ట వైపు చూసింది, నూనె వైపు చూసింది. తట్టను కింద పెట్టేసింది. రోడ్లు ఊడ్చేవాళ్ళకిచ్చే, ఒంటి మీది పసుపుపచ్చ కోటు విప్పింది. పొద్దున అన్నిసార్లు కట్టిన ట్యూబు ముక్కను లాగితే, ఈనెలన్నీ జారి రోడ్డున పడ్డాయి. ఉత్త కర్రకు కోటును ట్యూబుతో బిగించి కట్టి, దూరం నుంచే కనబడేటట్టు ఆ రెండు పెద్ద రాళ్ళ సందులో నిలబెట్టింది. ఊపాలని చూసింది గానీ చేయి లేవలేదు. గాలి వచ్చి ఆ పని చేసింది. అప్పుడు వెళ్ళి డివైడరుకు ఆనుకుని, కాళ్ళు చాపుకుని కూర్చుంది. పొద్దుటి నుంచి మొదటిసారి ఆమె చేతులు రెండూ ఒడిలో కదలకుండా ఉన్నాయి.

నీలం బండి ముందు వచ్చింది. ప్రశాంత్ కోటును చూశాడు, ఎడమ చేయి పైకెత్తాడు. వెనక బండ్లన్నీ ఒక్కొక్కటిగా గొంతు తగ్గించాయి. మట్టి పక్కగా నడిపి బండి ఆపి, టోపీ అద్దం పైకెత్తి అడిగాడు.

“ఏందవ్వా, మళ్ళా నీళ్ళు జల్లినావా?”

ఎండు చీపిరే అనే మాట రాలేదు. వాడు మళ్ళీ పిలిచాడు. దిగి, దగ్గరికి వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని ఆమె చేయి పట్టుకున్నాడు. మణికట్టు మీద వేలు పెట్టి వెతికాడు, నాడి దొరకలేదు.

సంగతి తెలియని బండ్లు ఇంకా వస్తూనే ఉన్నాయి. రెండు రాళ్ళ నడుమ, ఈనెలు లేని కర్రకు, మాసిన పసుపుపచ్చ కోటు గాలికి కొట్టుకుంటూ ఉంది. దాన్ని దాటేదాకా ఎవరూ ముందువాణ్ణి దాటలేదు.